ఊరే కంపెనీ: అంబెలాకియా ఎర్ర నూలు గాథ

"బార్బా, నువ్వు కూడానా?" కంచర గాడిద కళ్లెం పట్టుకున్న కుర్రాడు అడిగాడు. ఆ వైపు పల్లెల్లో పెద్దవాళ్లను బార్బా అంటారు, మనం బాబాయ్ అన్నట్టు.

"నేనూ, మా వియ్యంకుడూ. ఆయన వాళ్ల పక్షం సాక్షి, నేను మన పక్షం."

"ఇద్దరూ కలిసే వెళ్తారా?"

"కొండ దిగడానికి ఉన్నది ఒక్కటే దారి. సలోనికి దాకా కలిసే వెళ్తాం. ఒకే సత్రంలో పడుకుంటాం. కోర్టు గుమ్మం దగ్గర విడిపోతాం."

"పోయినసారి తీర్పు వచ్చిందన్నారుగా?"

"వచ్చింది. మనకు నచ్చలేదు."

కుర్రాడు ఇంకేమీ అడగలేదు. కొన్నేళ్ల కిందటి వరకు ఇదే దారిలో, ఇలాంటి జంతువుల మీదే, ఎర్ర నూలు బేళ్లు దిగేవి. వియన్నా దాకా వెళ్లి వెండి నాణేలై తిరిగొచ్చేవి. ఇప్పుడు సాక్షులు దిగుతున్నారు, దారిఖర్చులతో సహా.

పై మాటలు, ముందు రాబోయే సంభాషణలు నేను అల్లినవి. ప్రయాణాలు మాత్రం నిజం. 19వ శతాబ్దం తొలి దశకంలో గ్రీసు దేశపు కొండ పల్లె ఒకటి తన లాభాల తగవు తీర్చుకోవడానికి సలోనికికి, కాన్‌స్టాంటినోపుల్‌కు, వియన్నాకు ఏళ్ల తరబడి సాక్షుల్ని మోసుకుపోయింది. తీర్పుల కోసం ప్రాధేయపడింది, చేతికొచ్చాక కాదంది. స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ అర్కార్ట్ 1833లో అచ్చువేసిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. ఆ ఊరి పేరు అంబెలాకియా.

గ్రీసు మధ్యన థెస్సలీ మైదానం ఉంది. దాని ఈశాన్య అంచున ఒలింపస్ పర్వతం ఒక పక్క, ఒస్సా పర్వతం మరో పక్క. రెంటి మధ్య ఇరుకు సందులోంచి పినియోస్ నది సముద్రంలోకి జారుకుంటుంది. దాన్నే టెంపి లోయ అంటారు. 2023 ఫిబ్రవరి 28 రాత్రి రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని 57 మంది చనిపోయిన వార్తలో ఈ పేరు వినే ఉంటారు, అది ఈ లోయకు దగ్గర్లోనే. ఒస్సాను అక్కడివాళ్లు కిస్సావోస్ అంటారు. ఆ కొండ వాలు మీద, లోయను పై నుంచి చూస్తూ ఉంటుంది అంబెలాకియా. సాగు భూమి తక్కువ, రాయి ఎక్కువ. అలాంటి ఊరు 18వ శతాబ్దం చివర్లో జర్మన్ రాజ్యాల నేతగాళ్లకు నూలు అమ్మింది.

ఎలా సాధ్యమైందో తెలియాలంటే ముందు ఆ ఊరి పాలన చూడాలి.

థెస్సలీ అప్పటికి నాలుగు వందల ఏళ్లుగా ఉస్మానియా సుల్తానుల చేతిలో ఉంది. గ్రీకు పల్లెల్లో చాలాచోట్ల పన్ను ఇంటింటికీ వచ్చి వసూలు చేసేవారు కాదు. ఊరి మొత్తానికి ఇంత అని కట్టేవారు. దాన్ని ఏ గడప ఎంత మోయాలో తేల్చేది ఊరి పెద్దలు. ఎవరికి ఎన్ని గొర్రెలున్నాయి, ఎవరి పొలం ఈ ఏడు ఎండింది, ఏ ఇంట్లో పెళ్లి ఖర్చయింది, అన్నీ లెక్కలోకి వస్తాయి. లెక్క తప్పితే తిట్లు, అలకలు, చర్చి ముందు అరుపులు. అయినా చివరికి సొమ్ము జమ కావాల్సిందే. కట్టకపోతే సుల్తాను అధికారి పాషా మనుషులు గుర్రాలేసుకుని వస్తారు.

ఆ పల్లెలు రాజకీయం నేర్చుకున్నది అలా. నష్టాన్ని నలుగురిలో పంచడం అక్కడ తరతరాల విద్య.

అంబెలాకియాకు ఇంకో సౌకర్యం కూడా ఉండేది. సలోనికిలో ఫ్రాన్సు కాన్సల్‌గా పనిచేసిన ఫెలిక్స్ బోజూర్ 1800లో గ్రీసు వాణిజ్యం మీద పుస్తకం వేశాడు. ఆ ఊళ్లో తురుష్కుడు ఎవడూ నివసించడానికి వీల్లేదనీ, తమ పెద్దల్ని, తమ న్యాయాధికారుల్ని తామే పెట్టుకుని వాళ్లే పాలించుకుంటున్నారనీ అందులో రాశాడు. సందడి చూస్తే తుర్కీ పల్లెలా లేదు, హాలండ్ పట్టణంలా ఉంది అన్నది ఆయన అభిప్రాయం. ఆయన లెక్క ప్రకారం జనం 4000. రంగుల కొట్టాలు 24. ఏటా బయటికి పోయే ఎర్ర నూలు 2500 బేళ్లు, బేలుకు వంద ఓకాలు. ఓకా అంటే మన కొలతలో కిలోంపావు పైమాట. అంటే ఏడాదికి మూడు లక్షల కిలోలకు మించి ఒక్క కొండ ఊరి నుంచి! మగవాళ్లు రంగు అద్దేవారు, ఆడవాళ్లు పత్తి వడికేవారు, పిల్లలు కూడా ఖాళీగా ఉండేవారు కారు.

ఆ ఎరుపు మామూలు ఎరుపు కాదు. ఐరోపా అంతా దాన్ని తుర్కీ ఎరుపు అని పిలిచేది. ఎండకు వెలవదు, చాకిరేవులో దిగదు. నూలుకు అలాంటి ఎరుపు పట్టించడం ఐరోపావాళ్లకు చాలాకాలం చేతకాలేదు. ఉన్నికి, పట్టుకు రంగు తేలిగ్గా పడుతుంది, పత్తి మొండికేస్తుంది.

ఒక కొట్టంలోకి తొంగిచూద్దాం. లోపల అడుగుపెట్టగానే కొట్టేది రంగు వాసన కాదు, మక్కిన నూనె వాసన.

"ఎన్నోసారి ముంచుతున్నావు?" ముసలి రంగులవాడు అడుగుతాడు.

"ఐదోసారి, బార్బా."

"ఆరబెట్టావా మధ్యలో?"

"నిన్న మబ్బు పట్టింది కదా."

"అయితే ఐదోసారి కాదు, నాలుగోసారే. ఎండలేని మునక లెక్కలోకి రాదు. వెళ్లి పరువు."

నూలు చిలపల్ని ముందు బూడిద సారంలో ఉడికిస్తారు. తర్వాత ఆలివ్ నూనె, సోడా క్షారం, గొర్రె పెంట కలిపిన తెల్లటి ద్రవంలో ముంచి, పిండి, ఎండబెట్టి, మళ్లీ ముంచుతారు. అలా ఎన్నో సార్లు. ఆపైన మాచికాయ, పటిక. అప్పుడుగానీ వేరు రంగు జోలికి పోరు. ఆ వేరును గ్రీకులు రిజారి అంటారు. మన మంజిష్ఠకు సొంత చెల్లెలు. దాన్ని దంచి, ఎద్దు నెత్తురు కలిపిన నీళ్లలో నూలుతోపాటు మరిగిస్తారు. చివర్లో సబ్బు నీళ్లలో కాగబెడితే మురికి ఎరుపు పోయి నిప్పు ఎరుపు బయటపడుతుంది. మొత్తం వారాల తరబడి పని. ఒక్క ముంత తేడా వస్తే బేలంతా గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇది చదువుతుంటే తెలుగు నేత ఊళ్లవాళ్లకు కొత్తగా అనిపించదు. ఒకప్పుడు చీరాలలో నేసి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేస్తున్న తేలియా రుమాలుకు నూలు తయారుచేసే తీరు సరిగ్గా ఇదే రసాయనం. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలును రోజుల తరబడి పిసికి ఎండబెడతారు. అందుకే ఆ రుమాలుకు నూనె వాసన, ఆ పేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతకుముందు బందరు తీరంలో అద్దకంవాళ్లు చిరివేరుతో ఎరుపు దించేవారు, పటిక పట్టించేవారు. క్షారంతో, నూనెతో పత్తిని లొంగదీసే విద్య తూర్పు నుంచి పడమరకు నడిచిందన్నది చరిత్రకారుల్లో చాలామంది మాట. థెస్సలీ దానికి ఐరోపా గుమ్మం. 1747లో ఫ్రెంచి వ్యాపారులు గ్రీకు రంగులవాళ్లను జీతాలిచ్చి మరీ తమ దేశానికి తీసుకుపోయారు. రహస్యం కొండ దిగడం అప్పుడే మొదలైంది.

అయినా ఇంకో యాభై ఏళ్లు అంబెలాకియాదే పైచేయి. వియన్నాకు దారి తెరిచి ఉంది. 1718 నాటి పాసరోవిట్జ్ సంధి తర్వాత ఉస్మానియా ప్రజలు ఆస్ట్రియాలో మూడు శాతం సుంకం కట్టి సరుకు అమ్ముకోవచ్చు. బిడారులు బాల్కన్ కొండల గుండా వెళ్లి సరిహద్దున జెమున్ దగ్గర ఆగేవి. ప్లేగు భయంతో అక్కడ మనుషుల్ని, మూటల్ని రోజుల తరబడి విడిగా ఉంచేవారు. అది దాటితే డాన్యూబ్, వియన్నా, ఆపైన లైప్‌జిగ్ సంత.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే అందరూ ఒకే సరుకు తీసుకుని ఒకే సంతకు వెళ్లడం దగ్గర. ఊళ్లో చిన్న చిన్న కూటములు ఉండేవి. ఒకరి ధర ఒకరు కోసుకునేవారు. లాభపడేది కొనేవాడు.

1778లో ఆ కూటములన్నీ ఒక్కటయ్యాయి. ఊరివాళ్లు దానికి పెట్టుకున్న పేరులో కంపెనీ ఉంది, సోదరభావమూ ఉంది. నిబంధనలు తర్వాత కూడా రాసుకున్నారు, తిరగరాసుకున్నారు. 1795 నాటి ఒప్పందం వాటిలో పెద్దది. అర్కార్ట్ చెప్పిన వివరాలు చూడండి. మూలధనం ఆరు లక్షల పియాస్తర్లు, అంటే ఉస్మానియా నాణేలు. ఒక వాటా 5000కు తక్కువ ఉండకూడదు. ఒక మనిషికి 20,000కు మించి ఉండకూడదు, డబ్బున్నవాడు లాభమంతా మింగేయకుండా. 5000 పియాస్తర్లు రంగులవాడి దగ్గర ఎక్కడుంటాయి? అందుకు కూలీలు కొందరు కొందరుగా కూడి తలా కొంత వేసి ఒక్క వాటా కొన్నారు. అసలు కిటుకు ఆ తర్వాతిది. పెట్టుబడితోపాటు పనిని కూడా లెక్కగట్టి లాభంలో భాగం ఇచ్చారు.

దీన్ని తేల్చిన ఊరి సభలో వాదం ఎలా నడిచి ఉంటుంది?

"నా వెండి నీ చేతులు ఒకటేనంటావా?"

"నీ వెండిని కుండలో వేసి మరిగించు, ఎర్రబడుతుందేమో చూద్దాం."

నవ్వులు. పెద్దలు గొంతు సవరించుకుంటారు. పన్ను పంచినప్పుడు ఎన్ని రాత్రులు ఇలా కూర్చోలేదు? లెక్క కుదురుతుంది.

కుదిరింది కూడా. మొదట్లో వాటాదారులకు పది శాతం మించి పంచకూడదని, మిగిలినదంతా మూలధనంలో కలపాలని అనుకున్నారు. రెండేళ్లలో ఆరు లక్షలు పది లక్షలయ్యాయి. ఊళ్లో ముగ్గురు డైరెక్టర్లు, వియన్నాలో సంతకం చేసే అధికారంతో మరో ముగ్గురు. పెస్త్, ట్రియెస్టె, లైప్‌జిగ్, సలోనికి, కాన్‌స్టాంటినోపుల్, స్మిర్నాల్లో ప్రతినిధులు. ఒక్కో వ్యాపారం మీద 60 నుంచి 100 శాతం లాభం వచ్చిన రోజులున్నాయి. వాటాల విలువ పదింతలైంది. ఊళ్లో బడి ఉంది, పేరున్న గురువులు ఉన్నారు.

పన్ను పంచే పెద్దలూ, నూలు అమ్మే డైరెక్టర్లూ దాదాపు ఒకే వర్గం మనుషులు. ఊరి పాలన ఎక్కడ ఆగిందో, కంపెనీ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఆ రోజుల్లో అదే వాళ్ల బలం.

ఆ బలానికి గుర్తుగా నిలిచిన మనిషి గియోర్గియోస్ మావ్రోస్. వియన్నా వ్యాపారంలో ష్వార్ట్స్ అనే జర్మన్ పేరుతో ప్రసిద్ధుడు. కంపెనీకి అధ్యక్షుడు. తమ్ముడు దిమిత్రియోస్ వియన్నాలో వ్యవహారాలు చూసేవాడు. ష్వార్ట్స్ 1787లో ఇల్లు మొదలుపెట్టి 1798లో ముగించాడు. పదకొండేళ్లు! మూడంతస్తులు, ముందుకు పొడుచుకొచ్చిన చెక్క గదులు, రంగుల అద్దాలు, గోడల నిండా పూలు, నగరాలు, ఓడలు. కింది అంతస్తు రాయి, మందపు గోడలు. కంపెనీ లెక్కలు, ఖజానా అక్కడే ఉండేవి. పైన మనిషి వైభవం, కింద ఊరి సొమ్ము. ఇంటి కట్టడంలోనే కొంత ఇబ్బంది కనిపిస్తుంది నాకు. రంగుల కొట్టం నుంచి ఇంటికి పోతూ, చేతులకు ఎరుపు వదలని మనిషి తలెత్తి ఆ కిటికీలు చూసినప్పుడు ఏ లెక్క వేసుకుని ఉంటాడు?

డబ్బు వాసన మైదానానికీ తగిలింది. మైదానపు పట్టణం లారిసాలోని ముస్లిం ముఠాలు రెండుసార్లు కొండెక్కి ఊరిని దోచుకోవాలని చూశాయని, రెండుసార్లూ నాడెలు పక్కనపడేసి తుపాకులు పట్టిన చేతులు వాళ్లను తరిమాయని బోజూర్ రాశాడు. ఊరి భౌగోళికం అందుకు అనుకూలం. ఒక్కటే దారి. పైనున్నవాడికి కింద వచ్చేవాడు ముందే కనపడతాడు.

"ఎంతమంది?" రాతిగోడ వెనుక నుంచి ఒకడు.

"లెక్కపెట్టడానికి తీరికెక్కడుంది? ఆ మలుపు దాటనియ్యి."

"మీ కూటమివాళ్లు ఎటు?"

"ఇవాళ కూటములేమిట్రా. కాల్చు."

బయటి శత్రువు వచ్చిన రోజున ఊరు ఒక్కటే.

లోపలికి చొరబడ్డ శత్రువు తుపాకీ పట్టుకుని రాలేదు. కంపెనీ పుట్టిన మరుసటి ఏడే, 1779లో, ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో సామ్యూల్ క్రాంప్టన్ అనే నేతగాడు కొత్త వడుకు యంత్రం తయారుచేశాడు. మ్యూల్ అని పేరు. ఒక్క మనిషి కాపలాలో వందల కదుళ్లు, చేతికి అందనంత సన్నటి గట్టి నూలు. 1785లో పియెర్ జాక్ పాపియాన్ అనే ఫ్రెంచివాణ్ని గ్లాస్గోకు పిలిపించి, జార్జి మాకింటోష్, డేవిడ్ డేల్ అక్కడ తుర్కీ ఎరుపు కొట్టం పెట్టారు. తర్వాత ఆ పద్ధతిని అచ్చువేసి ఎవరైనా చదువుకోవచ్చన్నారు. వడుకూ పోయింది, రంగూ పోయింది. అంబెలాకియా స్త్రీ రోజంతా వడికేది యంత్రం పూటలో తేల్చేస్తుంది.

1801 చివర్లో ఆ ఊరు చూసిన ఇంగ్లండ్ యాత్రికుడు ఎడ్వర్డ్ డేనియల్ క్లార్క్‌కు ఆ దెబ్బ అప్పటికే కనిపించింది. జర్మన్ సంతల్లో కొనేవాళ్లు ఇంగ్లీషు నూలు వైపు మొగ్గుతున్నారని ఊరివాళ్లకు అర్థమైపోయింది. అదనంగా నెపోలియన్ యుద్ధాలు. 1805లో, మళ్లీ 1809లో ఫ్రెంచి సైన్యం వియన్నాలోకి ప్రవేశించింది. ఆ సంవత్సరాల్లో నూలు అప్పుపై అమ్మిన వ్యాపారికి నిద్ర ఎలా పడుతుంది?

ఇక తగవు.

నిబంధనల్లో ఒకదాన్ని మీరారన్న ఆరోపణతో మొదలైందని అర్కార్ట్ చెప్పాడు. అసలు ఆ నిబంధనే తెలివితక్కువగా రాసుకున్నదని కూడా ఆయన అభిప్రాయం. ఊరు రెండు పక్షాలైంది. నేను ఊహించగలిగినంతలో ఆ రోజుల్లో ఒక ఇంటి సంభాషణ ఇది.

"మీ అన్న మన గుమ్మం తొక్కి ఎన్ని నెలలైంది?"

"వాడి వకీలు తొక్కనివ్వడు."

"నీ చెల్లెలికి ప్రసవం దగ్గరపడుతోంది."

"దాయి మన పక్షమేనా కనుక్కో ముందు."

భార్య జవాబివ్వదు. ఆమె కదురు మూలన ఉంది. వడికిన పత్తి కొనే పక్షం ఏదో తేలేదాకా దానితో పనిలేదు.

ఇన్ని ఒడుదొడుకులు తట్టుకున్న ఊరు ఒక్క నిబంధన దగ్గర ఎందుకు చీలింది? నా మటుకు నాకు కారణం ఆ ఊరి గుణాల్లోనే కనిపిస్తుంది. పన్ను తగవు ఎంత ముదిరినా ఒక గడువు ఉండేది, పాషా గుర్రాలు వచ్చే రోజు. ఆలోపు రాజీ పడాల్సిందే. లాభం తగవుకు అలాంటి గడువు లేదు. పైగా మామూలు తగవులు తీర్చేది ఊరి పెద్దలు. ఇప్పుడు ఆ పెద్దలే డైరెక్టర్లు, అంటే ప్రతివాదులు. మధ్యస్థం చెప్పే మనిషి ఊళ్లో మిగల్లేదు. బయటికి వెళ్తే ఒక కోర్టు కాదు: సలోనికిలో ఉస్మానియా న్యాయం, కాన్‌స్టాంటినోపుల్‌లో సుల్తాను దర్బారు, వియన్నాలో ఆస్ట్రియా చట్టం. డబ్బు ఒకచోట, సరుకు ఇంకోచోట, మనుషులు మరోచోట. ఒక తీర్పు నచ్చకపోతే ఇంకో నగరానికి పోవచ్చు. పోయారు. కంపెనీని నడిపినంత పట్టుదలతో తగవునూ నడిపారు. ఖర్చు కూడా ఆ స్థాయిలోనే అయింది.

చివరికి కంపెనీ విడిపోయింది. మొదట ఎన్ని కూలీ కూటములు కలిసి ఏర్పడిందో అన్ని ముక్కలైంది. 1778కి ముందు ఎక్కడుందో ఊరు అక్కడికే చేరింది, కానీ ఈసారి ఎదురుగా ఇంగ్లీషు యంత్రం ఉంది.

ఆ కాలంలోనే మిగిలినది కూడా పోయింది. ఆస్ట్రియా ప్రభుత్వం యుద్ధాల కోసం బాంకోత్సెట్టెల్ అనే కాగితం డబ్బును హద్దు లేకుండా అచ్చేసింది. 1811 ఫిబ్రవరి 20 తేదీతో రహస్యంగా ఒక ఫర్మానా తయారైంది. మార్చి 15న బయటపెట్టారు. చేతిలో ఉన్న కాగితం విలువ ఇకపై ఐదో వంతు.

ఆ ఉదయం వియన్నాలో గ్రీకు వ్యాపారులు చేరే ఫ్లైష్‌మార్క్ట్ వీధి ఎలా ఉండి ఉంటుందో చెప్పడానికి నాటకీయత అక్కర్లేదు. కౌంటరు వెనుక గుమాస్తా పుస్తకం తెరుస్తాడు. నిన్నటి ఐదు వేల గుల్డెన్లు ఇవాళ వెయ్యి. అంబెలాకియా సొమ్ములో పెద్ద భాగం వియన్నాలోనే ఉండేది, నూలు అమ్మిన చోటే డబ్బు తిప్పేవారు కాబట్టి. ష్వార్ట్స్ సోదరుల సంపద కూడా ఆ దెబ్బకు కరిగిపోయింది. ఊరికి ఇంకోపక్క యానినా పాలకుడు అలీ పాషా పన్నుల భారం. పదేళ్ల కిందట బోజూర్ లెక్కపెట్టిన ఇరవై నాలుగు కొట్టాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రెబె, లీబెర్మాన్ వేరు రంగును ప్రయోగశాలలో తయారుచేసేనాటికి అంబెలాకియాలో దానివల్ల నష్టపోయేవాళ్లు పెద్దగా మిగల్లేదు.

తర్వాతి పాలన చరిత్ర త్వరగా చెప్పేయొచ్చు. 1821లో గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధం మొదలైనా థెస్సలీ గ్రీసులో చేరడానికి 1881 దాకా పట్టింది. 1912 చట్టం 300 మంది జనం, ఒక బడి ఉన్న ప్రతి పల్లెకూ సొంత స్థానిక సంస్థ ఇచ్చింది, మన గ్రామ పంచాయతీ లాంటిది. 1997లో ఆ చిన్న సంస్థలను గుంపులుగా కలిపేశారు. 2010 నాటి మరో చట్టంతో దేశం మొత్తానికి 325 మున్సిపాలిటీలే మిగిలాయి. 2011 జనవరి 1 నుంచి అంబెలాకియా టెంపి మున్సిపాలిటీలో ఒక భాగం. కార్యాలయం కిందనున్న మక్రిహోరిలో. సుల్తాను కాలంలో తన పన్ను తానే పంచుకున్న ఊరికి, ఇప్పుడు వీధి దీపం కావాలన్నా కొండ దిగి అడగాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కొన్ని వందల మందే ఉండే పల్లెకు విడిగా కార్యాలయం నడపడం ఏ దేశానికైనా భారమే. అయినా ఈ క్రమం నాకు వింతగానే ఉంది.

ప్రపంచంలో మొదటి సహకార సంఘం తమదేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పర్యాటకుల కరపత్రాల్లో కూడా ఆ మాట ఉంటుంది. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ నేత కార్మికులు సంఘం పెట్టింది 1844లో కాబట్టి అంబెలాకియా అరవై ఏళ్లకు పైగా ముందుంది, నిజమే. కానీ సహకార సంఘమంటే మనిషికి ఒక ఓటు అని మనం అర్థం చేసుకుంటే, అది ఇక్కడ లేదు. వెండి ఎక్కువ పెట్టినవాడి మాటకు బరువు ఎక్కువ. మామూలు వ్యాపార సంస్థ అందామా, ఏ సంస్థ కూలీ శ్రమను పెట్టుబడి పక్కన రాసి లాభం పంచింది? నా తీర్పు ఇది. అది సహకార సంఘమూ కాదు, కంపెనీ కూడా కాదు. పన్ను పంచడం తెలిసిన ఊరు లాభం పంచడానికి చేసిన ప్రయత్నం. యంత్రం ఎలాగూ ఓడించేది. కానీ యంత్రం ఓడించకముందే వాళ్లు ఓడిపోయారు. ఆ తేడాను కరపత్రాలు చెప్పవు, అర్కార్ట్ చెప్పాడు.

మళ్లీ సంఘం పేరుతో ఊరివాళ్లు కూడింది 20వ శతాబ్దం చివర్లో. ఈసారి స్త్రీలు. గ్రామీణ పర్యాటకం కోసం మహిళా సహకార సంఘం పెట్టుకుని అతిథులకు వంట, వసతి చూశారు. ఒకప్పుడు వాటాదారుల పేర్లలో కనపడని వాళ్లు ఈ సంఘానికి సభ్యులు.

ష్వార్ట్స్ ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ మ్యూజియం. లారిసా నుంచి సుమారు 30 కిలోమీటర్లు. వెళ్లినవాళ్లు పై అంతస్తులో గోడ బొమ్మలు, రంగుల అద్దాలు ఫొటోలు తీసుకుని దిగిపోతుంటారు. మీరు వెళ్తే కింది అంతస్తు ఖజానా గదిని వదలకండి. ఊరు కలిసిందీ, విడిపోయిందీ ఆ లెక్కల మీదే.